గాజుగదిలో ఇద్దరు క్యాండిడేట్లు

గుండెపోటు మనిషి ఆసుపత్రి గుమ్మంలో అడుగుపెట్టగానే వయసెంత, నాడి ఎంత, రక్తంలో ఏముంది అని మీట నొక్కి, ఈయన్ని ఐసీయూలో పెట్టాలా, వార్డులో పెట్టాలా అని ఇప్పటి కుర్ర డాక్టర్లు మీరు మిషన్నే అడుగుతారట. మా మేనకోడలు చెప్పింది. సంతోషం. నేను పల్నాడులో ఉద్యోగం చేసిన ఎనభైల్లో ఆ పని మూలుగు చేసేది. గట్టిగా మూలిగినవాడికి మంచి మంచం. మూలగనివాడు బాగున్నట్టు లెక్క.

ఆసుపత్రి ఏ ఊళ్లోదో చెప్పను. పిడుగురాళ్ల సున్నం బట్టీల లారీలు మా గేటు ముందు నుంచే పోయేవి కాబట్టి గోడలకు వెల్ల వేయించే ఖర్చు ప్రభుత్వానికి ఉండేది కాదని మాత్రం చెబుతాను. నేను అక్కడ సివిల్ అసిస్టెంట్ సర్జన్ని. సర్జన్ అన్నది హోదాలోనే. చదివింది జనరల్ మెడిసిన్, కత్తి పట్టింది వంకాయల మీద. పైగా ఆడదాన్ని. ఆడ డాక్టరంటే కాన్పుల డాక్టరే అని ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ తీర్మానం చేసేసుకున్నాయి. దాచేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతు ఛాతీ పట్టుకుని చెమటలు కక్కుతూ కూడా నన్ను చూసి, "నాకేం కాన్పా తల్లీ, మగ డాక్టరుంటే పిలువు" అన్నాడు. ఆయనకు నేనే వైద్యం చేశాను. వెళ్లేటప్పుడు తన కోడలిని కాన్పుకు నా దగ్గరికే పంపుతానని మాటిచ్చాడు.

మా ఆసుపత్రిలో ఒక గాజుగది ఉండేది. ఒక సున్నం బట్టీల ఆసామి వాళ్ల నాన్న పేరున కట్టించాడు. రెండు మంచాలు, మధ్యలో గుడ్డ తెర, ఆకుపచ్చ గీత పరుగెత్తే మానిటరు, ఒక షాకు మిషను, ఒక ఏసీ. ఆసుపత్రి మొత్తానికి ఏసీ అదొక్కటే. అందుకని మా సూపరింటెండెంటు గారు మధ్యాహ్నం పెరుగన్నం తిని అందులోనే కాసేపు నడుం వాల్చేవారు. మంచి మనిషి. ఆయనకున్న జబ్బల్లా ట్రాన్స్‌ఫర్ భయం. ఏ రోగిని చూసినా ముందు నాడి కాదు, ఏ పార్టీవాడో చూసేవారు. గాజుగది ఖాళీగా ఉంటే ఆయన నిద్రకూ మంచిది, ఉద్యోగానికీ మంచిది.

జనం కూడా ఆ గదికి రావటానికి ఇష్టపడేవాళ్లు కాదు. తప్పు వాళ్లది కాదు. మనిషి చివరి ఊపిరిలో ఉన్నప్పుడు గానీ మేము ఆ గది తలుపు తీసేవాళ్లం కాదు. లోపలికి పోయినవాళ్లు పోయేవాళ్లు. గాజుగదికి పోతే పాడె కట్టుకోవాల్సిందే అని ఊళ్లల్లో అనుకునేవాళ్లు. అందుకని తరవాతివాళ్లు ఇంకా ఆలస్యంగా ఒప్పుకునేవాళ్లు, ఇంకా తొందరగా పోయేవాళ్లు. అట్లా మా గదికి మంచి పేరొచ్చింది.

అసలు చిక్కు ముసలివాళ్లతో. నలభై ఏళ్లవాడికి గుండెపోటొస్తే గుండె పట్టుకుని కూలిపోతాడు, పక్కింటి పిల్లాడు కూడా కనిపెడతాడు. డెబ్బై దాటినవాడు కడుపుబ్బరం అంటాడు, నీరసం అంటాడు, లేకపోతే ఏమీ అనడు. సాయంత్రానికి ఎవరు తేలిక పడతారో, ఎవరు జారిపోతారో పొద్దున్నే పసిగట్టాలి. నాడి వేగం, రక్తపోటు, ఊపిరితిత్తుల అడుగున బుడబుడ, చేతుల వెచ్చదనం, ఒంటేలు ఎంత వచ్చింది, మనిషి తెలివిగా మాట్లాడుతున్నాడా లేదా, ఇవన్నీ కలిపి చూడాలి. గుంటూరులో మా ప్రొఫెసరు గారు నేర్పారు. పల్నాడు పెద్దమనిషి ఒంటేలు సంగతి ఆడ డాక్టరుకు చెబుతాడా అన్నది మాత్రం ఆయన సిలబస్‌లో లేదు.

ఇక అసలు సంగతి. పంచాయతీ ఎన్నికల కాలం. తెల్లవారితే పోలింగు, అయినా మైకులు ఆపాలన్న రూలు అక్కడ ఎవరికీ పట్టేది కాదు. ఆ పొద్దున ఒక జీపు మా పోర్టికోలోకి వచ్చి ఆగింది. జీపు ఆగింది గానీ పైనున్న మైకు ఆగలేదు. "మన ఊరి అభివృద్ధి కోసం మీ అమూల్యమైన ఓటు" అని అది మోగుతుండగానే ఆ ఓటు అడుగుతున్న క్యాండిడేటును నలుగురు పట్టుకుని దించారు. తెల్ల పంచె, తెల్ల మీసం, ముఖం నిండా చెమట. వయసెంత అని అడిగితే ఆయన అరవై అన్నాడు, పెద్దకొడుకు అరవై రెండన్నాడు, భార్య ఏమీ అనలేదు. పెద్దకొడుకును చూస్తేనే యాభై ఉంటాయి.

"ఏమైందండీ?" అన్నాను పెద్దాయనతో.

"ఏం కాలా. గ్యాసు," అన్నాడు పెద్దకొడుకు.

"ఆయన్ని అడుగుతున్నాను."

"మా నాయన మాటలన్నీ నేనే మాట్టాడతానమ్మా."

పెద్దాయన కళ్లు తెరిచి నన్ను పైకీ కిందకీ చూశాడు. "సోడా తాగితే పోయిద్ది. గుండె డాక్టరు లేడా?"

"గ్యాసుకు గుండె డాక్టరెందుకండీ?"

ఈసీజీ తీసి చూస్తే గుండెపోటు బండ అక్షరాల్లో ఉంది. నాడి కొంచెం వేగం. రక్తపోటు కొంచెం తక్కువ. ఊపిరితిత్తుల అడుగున కొద్దిగా బుడబుడ. విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. అన్నీ కలిపి ఆ వయసు మనిషి మీద పెట్టి చూస్తే నాకు నచ్చలేదు. గాజుగదిలో పెడదామన్నాను.

"ఇప్పుడు బాగానే ఉన్నాడుగా," అన్నారు సూపరింటెండెంటు గారు నన్ను పక్కకు పిలిచి. "గదిలో పెట్టి ఏదన్నా అయితే మనం చంపామంటారు. పెట్టకుండా అయితే ఒదిలేశామంటారు. రేపు ఎవరు గెలుస్తారో కూడా తెలియదు. వార్డులో పెట్టి కనిపెట్టుకుని ఉండమ్మా."

పెద్దకొడుకు ఇంకో అడుగు ముందుకు వేశాడు. "తెల్లారితే పోలింగు. మా నాయన గాజుగదికి పోయాడని తెలిస్తే ఇంకేమన్నా ఉందా? సచ్చేవోడికి ఓటు ఎవడేత్తాడమ్మా?"

గుంటూరు పంపుదామా అంటే ఆ రోడ్డు మీద ఆ జీపులో ఆ గుండె నరసరావుపేట దాటుతుందన్న నమ్మకం నాకు లేదు. చేసేది లేక వార్డులోనే మందులు మొదలుపెట్టాను.

పది గంటలకల్లా వార్డు కాస్తా ఎన్నికల సభ అయింది. ఆయనకు గంజి పెట్టిన కొత్త చొక్కా తొడిగారు. మీసం దువ్వారు. వెనక మూడు దిండ్లు పెట్టి రాజులా కూర్చోబెట్టారు. సెలైను ఎక్కుతున్న చేతి మీద కండువా కప్పారు. స్టాండుకు వేలాడుతున్న సీసాకు కూడా ఒక పార్టీ కండువా చుట్టారు. ట్రాక్టర్ల మీద జనం రావటం, పలకరించటం, ఆయన చిరునవ్వు నవ్వటం, వాళ్లు ఊరికి పోయి "పులిలాగా ఉన్నాడు" అని చెప్పటం. నేను స్టెతస్కోపు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లినప్పుడల్లా పెద్దకొడుకు "కాసేపాగి రామ్మా, జనం ఉన్నారు" అనేవాడు. ఒంటేలు వచ్చిందా అని అడిగితే, "శుభ్రంగా" అని ఆయన తరఫున ఆ మాట కూడా తనే చెప్పాడు.

మా హెడ్ సిస్టరు రెండుసార్లు జనాన్ని తరిమింది. ఆవిడకు నోరే లాఠీ. ఒక తలుపు నుంచి పోయినవాళ్లు ఇంకో తలుపు నుంచి వచ్చారు. వరండాలోంచి తొంగి చూసిన సూపరింటెండెంటు గారు, "చూశావా, నవ్వుతున్నాడు" అని తృప్తిగా వెళ్లిపోయారు. నిజం చెప్పాలంటే ఆ నవ్వుకు నేనూ కాస్త మెత్తబడ్డాను. పోటు మొత్తం ఈయన మీసం దగ్గరే ఆగిపోయిందేమో అనుకున్నాను.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా వార్డు ఒక్కసారిగా మూగబోయింది. ఎవరా అని చూస్తే ఎదుటి పార్టీ క్యాండిడేటు. ఈయన ఈడువాడే. నల్లగా, ఎత్తుగా, చేతికర్ర లేకుండా నిటారుగా నడుస్తున్నాడు. పరామర్శకు శత్రువైనా రావాల్సిందే, రాకపోతే ఊళ్లో మాట పడాలి. అదీ కాక ఆయన పెద్దాయన భార్యకు తోడబుట్టిన అన్న. సాగరు కాలవ నీళ్ల వంతుల దగ్గర బావలిద్దరికీ చెడింది. అప్పటి నుంచి అన్నాచెల్లెళ్లకు కూడా మాటల్లేవు. ఆవిడ అన్నను చూసి కొంగు సర్దుకుని కిటికీ వైపు తిరిగింది.

ఆయన మంచం పక్కన నిలబడి, "ఎట్టా ఉంది బావా?" అన్నాడు.

"బాగుంది బావా. రా, కూర్చో," అన్నాడు పెద్దాయన.

ఆయన కూర్చోలేదు. బావ చెయ్యి ఒకసారి పట్టుకుని చూసి, వదిలి, నేరుగా నా గదికి వచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు కాన్పుల డాక్టరువా?"

"గుండె కూడా చూస్తానండీ."

"అయితే లెగు. మా బావ పోయేటట్టుండాడు."

"ఎవరు చెప్పారు?"

"వాడే చెప్పాడు. నన్ను కూర్చోమన్నాడు." ఆయన నా టేబులు మీదికి వంగాడు. "కాలవ గొడవ కాణ్ణించి నేను ఎదురుపడితే వాడు నా వంశం మొత్తాన్ని తిట్టందే వదలడు. మొన్న సంతలో తిట్టాడు, నిన్న మైకులో తిట్టాడు. అట్టాంటోడు రా బావా కూర్చో అంటాడా? చెయ్యి పట్టుకుంటే లాక్కోలా. ఆ చెయ్యి కుండలో నీళ్ల మాదిరి ఉంది. మనిషి మనిషిలో లేడమ్మా."

పరుగెత్తాను. కండువా లాగి చెయ్యి పట్టుకుంటే నాడి దారంలా ఉంది. రక్తపోటు దిగజారింది. పొద్దున ఊపిరితిత్తుల అడుగున ఉన్న బుడబుడ వీపు సగం దాకా పాకింది. నన్ను చూసి పెద్దాయన అదే చిరునవ్వు నవ్వి, "తప్పకుండా నాకే వెయ్యాలమ్మా" అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఆ నవ్వు ఎప్పటి నుంచో తెలివి తప్పిన నవ్వని. కిటికీ దగ్గర నిలబడ్డ ఆయన భార్య పొద్దుటి నుంచి మొదటిసారి నోరు తెరిచింది. "ఉదయం కాణ్ణించి ఒంటేలు రాలేదు తల్లీ. వీళ్లు చెప్పనియ్యలా."

"గాజుగదికి తీసుకుపోవాలి. ఇప్పుడే," అన్నాను.

పెద్దకొడుకు మంచానికి అడ్డం నిలబడ్డాడు. వాడూ దుర్మార్గుడేం కాదు, కళ్లలో నీళ్లున్నాయి. కానీ వార్డు నిండా ఊరు ఉంది. ఊరంతా చూస్తుండగా తండ్రిని గాజుగదిలోకి తొయ్యటమంటే ఎన్నికను చేజేతులా ఇచ్చెయ్యటమే. "ఒక్క రోజమ్మా. రేపు సాయంత్రం దాకా ఇక్కణ్ణే చూడండి. ఆయన బతికేదే దీని కోసం," అన్నాడు.

"రేపు సాయంత్రానికి ఆయన ఉండడు," అన్నాను. అంత కటువుగా చెప్పినందుకు ఇప్పటికీ నాకు బాధ లేదు.

అప్పుడు నా వెనకే వచ్చిన వాడి మేనమామ ముందుకొచ్చాడు. "ఒరేయ్, తప్పుకో. ఆ గదిలో మంచాలు రెండున్నయ్యిగా. ఒకదాంట్లో నేను పడుకుంటా."

"నీకేం జబ్బు మావయ్యా?" అన్నాడు పెద్దకొడుకు తెల్లబోయి.

"అది డాక్టరమ్మ చెబుద్ది. ఇద్దరం గాజుగదిలో ఉంటే ఎవడు సచ్చేవోడని చెబుతారు, ఎవడికి ఓటు మానతారు? లెక్క సరి. కుంటెద్దు మీద పందెం గెలిచి నేను ఊళ్లో మొహం ఎట్టా చూపించుకోను?" కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "వాణ్ణి ఓడియ్యాలనుకున్నా గానీ, మా చెల్లెలి బొట్టు తుడవాలని అనుకోలేదురా."

నా సర్వీసులో జబ్బు తగ్గించమన్నవాళ్లు వేలమంది. జబ్బు ఇమ్మని అడిగినవాడు ఆయనొక్కడే. గబగబా ఈసీజీ తీస్తే ఒంగోలు గిత్త గుండె. "పరిశీలన నిమిత్తం" అని రాశాను. సూపరింటెండెంటు గారు ఒప్పుకోరేమోనని భయపడ్డాను. ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు పార్టీలకూ చెరొక మంచం. ఇంత న్యాయమైన ట్రీట్‌మెంటు ఆయన జీవితంలో ఎరగరు. ఏసీ కూడా ఆయనే స్వయంగా పెంచారు.

బయట మేనమామ మనుషులు గోల చేశారు. మా క్యాండిడేటును మాయ చేశారన్నారు. ఆయన గాజు అద్దం దగ్గరికి వచ్చి ఛాతీ పట్టుకుని ముఖం చిట్లించి చూపించాడు. కొందరు ఏడ్చారు. ఒకరిద్దరు అక్కడికక్కడే పార్టీ మారి, జీపెక్కి పెద్దాయన వాళ్ల ఇంటికి పోయారని తరవాత తెలిసింది. తెరకు అవతల ఉన్నది ఎవరో పెద్దాయనకు చెప్పొద్దని ఆయన ఒక్క షరతు పెట్టాడు. ఎవరో మాచర్ల లారీ డ్రైవరని చెప్పాం.

ఆ సాయంత్రమంతా హెడ్ సిస్టరూ నేనూ పెద్దాయన మీద పడ్డాం. ఊపిరితిత్తుల్లో నీరు లాగే సూది, రక్తపోటు నిలబెట్టే మందు, ముక్కుకు ఆక్సిజన్. దీపాలు పెట్టే వేళకు ఒంటేలు వచ్చింది. ఆ రోజు ఏ పార్టీకీ అంతకన్నా శుభవార్త లేదు. హెడ్ సిస్టరు సీసా ఎత్తి చూపిస్తే ఆయన భార్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

మర్నాడు ఊళ్లో పోలింగు జోరుగా సాగుతున్న సమయంలో మానిటరు మీద గీత పిచ్చిపట్టినట్టు గజిబిజిగా గెంతింది. పెద్దాయన కళ్లు తేలేశాడు. షాకు మిషను పెట్టి కొట్టాం. మొదటిసారికి లొంగలేదు. రెండోసారి మంచం అదిరింది. ఆ చప్పుడుకు తెర పక్కకు జరిగి ఒక నల్లటి ముఖం బయటికొచ్చింది.

"ఏందమ్మా, కొట్టి చంపుతున్నారా?"

"నోరు మూసుకుని పడుకోండి. తరవాత వంతు మీదే," అంది హెడ్ సిస్టరు తల తిప్పకుండా. ఆ మాటకు ఆయన మధ్యాహ్నం దాకా కట్టెలా పడుకున్నాడు. పక్క మంచం మీద గీత మళ్లీ దారిలో పడింది. వార్డులో, ఆ కండువాల మధ్య, గుండె అట్లా గతి తప్పి ఉంటే ఆయన నవ్వుతూనే ఉన్నాడని ఎవరో అనుకుంటుండగా పోయేవాడు. నేను వరండాలోకి వెళ్లి కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాస్త ఏడ్చాను కూడా.

తిరిగి వచ్చేసరికి పెద్దాయన భార్య ఇంటి నుంచి వచ్చిన రాగిజావ గ్లాసుల్లో పోస్తోంది. భర్తకు అప్పుడే ఏమీ పెట్టొద్దన్నాను. ఆవిడ తలూపి, ఒక గ్లాసు తీసుకెళ్లి తెర అవతలి స్టూలు మీద పెట్టి, మాట్లాడకుండా వచ్చి కూర్చుంది. తెర వెనక నుంచి జావ తాగిన చప్పుడు, ఆ వెంటనే ముక్కు చీదిన చప్పుడు వినిపించాయి.

ఇప్పటి పిల్లలకు చెప్పేదొకటే. ముసలి గుండె సంగతి మిషన్ను అడగండి, ఇంటివాళ్లను అడగండి. ఇంటివాళ్లు ప్రేమ కొద్దీ అబద్ధం చెబుతారు, భయం కొద్దీ చెబుతారు, ఎన్నికల కోసం కూడా చెబుతారు. అందుకని వీలైతే ఆయనతో పడనివాణ్ణి ఒకణ్ణి వెతికి పట్టుకుని, మీవాడు ఇవాళ ఎప్పటిలాగే ఉన్నాడా అని అడగండి. నేను ఆ తరవాత సర్వీసంతా అడిగాను. నన్ను పిచ్చిదన్నవాళ్లున్నారు గానీ, గాజుగదికి ముందే పోయి నడుచుకుంటూ బయటికొచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

సాయంత్రానికి డప్పులు వినిపించాయి. పెద్దాయన గెలిచాడు. జబ్బు మనిషని జాలిపడి ఆయనకు వేశారట. ఓడిపోతానని భయపడి దొంగజబ్బు పెట్టుకున్నాడని రెండో ఆయనకు మానేశారట. లెక్క సరి అనుకున్నవాడు ఊరి లెక్క మర్చిపోయాడు.

బంతిపూల దండతో వంద మంది గేటు దగ్గర తోసుకుంటున్నారు. గాజుగదిలోకి ఒక్కరు కూడా రావటానికి వీల్లేదన్నాను. పెద్దకొడుకు దండ నా చేతికిచ్చాడు. పెద్దాయన మత్తుమందుకు నిద్రపోతున్నాడు. దండ ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే తెర జరిగింది. ఓడిపోయినాయన లేచి వచ్చి నా చేతిలోంచి దండ తీసుకున్నాడు. మెడలో వేస్తే ఊపిరికి అడ్డమని నేనంటే, తలూపి, బావ కాళ్ల దగ్గర దుప్పటి మీద జాగ్రత్తగా పరిచాడు.

"లేచినాక ఈ దండ నేను ఏశానని చెప్పమాక డాక్టరమ్మా," అన్నాడు. "గుండె మళ్లీ ఆగిద్ది."

చొక్కా తొడుక్కుని వెనక తలుపు నుంచి వెళ్లిపోయాడు. నేను చెప్పలేదు. పెద్దాయన భార్య చెప్పలేదు. కొడుకు చెప్పడానికి సాహసించలేదు. సర్పంచి గారు ఆ తరవాత చానాకాలం, నేను అక్కడున్నన్నాళ్లూ, చెకప్పుకు వస్తుండేవాడు. వచ్చిన ప్రతిసారీ కుర్చీలో వెనక్కి వాలి మీసం దువ్వుకుంటూ అదే మాట చెప్పేవాడు.

"మా బావ నాకు భయపడి ఆసుపత్రిలో దాక్కున్నాడంట, ఇన్నావామ్మా?"

పక్కన నిలబడ్డ ఆయన భార్య నా ముఖంలోకే చూస్తుండేది. నేను ఆయన నాడి పట్టుకుని, "విన్నానండీ," అనేదాన్ని.